సింగయ్య చేతిలో కత్తి

తొమ్మిదేళ్ళుగా దీన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నోటిదాకా వస్తుంది. దేవుడికి ఎలాగూ తెలుసు కదా అని మళ్ళీ మింగేస్తాను. కానీ తెలియాల్సిన మనిషి వేరే ఉన్నాడు. ఆయన ముందు నోరు పెగలక మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు. అదే నా ధైర్యం. పిరికివాళ్ళ ధైర్యం ఇలాగే ఉంటుంది.

నేను చిలకలూరిపేట వైపు ఒక బడిలో సైన్సు టీచర్ని. మాది పత్తి, మిరప పండే నేల. సముద్రమంటే మా వాళ్ళకు సెలవు రోజున వెళ్ళి కాళ్ళు తడుపుకొచ్చే చోటు, అంతే. అలాంటి చోట డాల్ఫిన్ల కోసం శని, ఆదివారాలు విరాళాల పండుగ పెట్టాలన్న ఆలోచన నాదే. వచ్చిన డబ్బుతో, చిక్కుకున్న డాల్ఫిన్ కోసం వల పోగొట్టుకున్న జాలర్లకు కొత్త వలలు ఇప్పించాలి. డాల్ఫిన్లనూ తిమింగలాలనూ చూపించే పడవలవాళ్ళకు, వాటి వెంట పడకుండా దూరాన ఇంజను ఆపి చూపించడం నేర్పించాలి. మంచి పనే. ఇప్పటికీ మంచి పనే అంటాను. చెడ్డది నేను.

పండుగకు రెండు వారాల ముందు, ఫొటోల కోసం కొత్తపట్నం దగ్గర ఒక పాలేనికి వెళ్ళాను. ఆ పొద్దున్నే ఒక జాలరి చచ్చిపోయిన డాల్ఫిన్ని ఒడ్డుకు తెచ్చాడు. ఆయన అసలు పేరు చెప్పను, సింగయ్య అంటాను. అది ఆయన వలలో చిక్కుకుందట. ఇంకా కొట్టుకుంటోందని, నడి సముద్రంలో కత్తి తీసుకుని వలను అడ్డంగా కోసేశాడు. ఆ వల కొని ఏడాది కూడా కాలేదు. అయినా అది బతకలేదు. గంగమ్మ బిడ్డను కాకులకు వదిలేస్తామా అని ఇసుకలో గుంట తీశాడు. ఆయన భార్య దానికి పసుపు రాసి, తన చీర ముక్క కప్పింది. ఇద్దరూ ఏడ్చారు. నేను కూడా ఏడ్చాను. ఏడుస్తూనే ఫొటోలు తీశాను.

వచ్చేటప్పుడు మాటిచ్చాను. మా బడికి రండి, మీ సంగతి అందరికీ చెబుతాను, కొత్త వల ఇప్పిస్తాను అన్నాను. వలలు ఇవ్వాల్సినవాళ్ళ జాబితాలో మొదటి పేరు ఆయనదే రాశాను.

మరి ఫ్లెక్సీ షాపులో నాకేమైంది? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. చీర కప్పిన ఫొటో ఉంది, ఆయన కళ్ళు తుడుచుకుంటున్న ఫొటో ఉంది. వాటితో పాటు, ఇంకా పసుపు రాయకముందు తీసిన ఫొటో ఒకటుంది. అందులో డాల్ఫిన్ పక్కన సింగయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో కత్తి. ఎండ కళ్ళలో పడి ముఖం చిట్లించాడు, చూసేవాళ్ళకు కోపంగా కనిపిస్తాడు. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు ఇదైతే అదిరిపోద్ది మేడం అన్నాడు. తప్పు వాడి మీదికి తోసేద్దామని చాలా ఏళ్ళు చూశాను. కుదరలేదు. కింద ఏం రాయాలని వాడు అడిగాడు. చెప్పింది నేను. జాలికి చిల్లర రాలుతుంది, కోపానికి నోట్లు రాలుతాయని అప్పటికప్పుడు నా బుర్రకు తట్టింది. తెలివితేటలకేం తక్కువ లేదు.

శనివారం ఫ్లెక్సీని గేటు దగ్గరే కట్టించాను. లోపల పిల్లల నాటకం, మిరపకాయ బజ్జీలు, పచ్చళ్ళ అమ్మకం. ఎవరో ఇచ్చిన మిరపకాయల బస్తా విప్పేసరికి బడంతా తుమ్ములే. జనం నవ్వుకుంటూ వచ్చి, ఫ్లెక్సీ ముందు ఆగి, ముఖం మాడ్చుకుని లోపలికి వెళ్ళేవారు. ఒకావిడ ఇలాంటోడి చేతులు విరగ్గొట్టాలని తిట్టి మరీ విరాళం వేసింది. నాకు సంతోషమేసింది. నిజం చెప్పాలి కదా, సంతోషమే వేసింది.

ఆదివారం మధ్యాహ్నం సింగయ్య వచ్చాడు. రెండు బస్సులు మారి, తెల్ల చొక్కా వేసుకుని, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఏదో మాటవరసకు పిలిచారనుకోలేదు, నా మాట నమ్మాడు. నేను చూసేసరికే ఫ్లెక్సీ ముందు నిలబడి ఉన్నాడు. ముఖమంతా నవ్వు.

"టీచరమ్మా, ఇది నేనే గదా! కిందేం రాశారమ్మా? మాకు సదువు రాదు గదా."

నిజం చెప్పడానికి అదే సమయం. ఆ సమయం ఎంతసేపు ఉందో కూడా నాకు గుర్తుంది.

"డాల్ఫిన్ని బతికించాలని తన వల కోసుకున్న సింగయ్య గారు, అని రాశామండీ" అన్నాను.

"ఇంకోసారి సదువమ్మా, మా ఇంటిది ఇనలేదు."

మళ్ళీ చదివాను. అక్షరాల కింద వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లలకు చదివినట్టు చదివాను. ఈసారి 'మంచి మనసున్న' అని ఒక మాట కలిపాను కూడా. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఈ బొమ్మ మాకిస్తారా అమ్మా? ఇంటికాడ పెట్టుకుంటాం."

ఇచ్చేశాను. నా చేతులతోనే తాళ్ళు విప్పి, చుట్టి ఇచ్చాను. అది కళ్ళముందు నుంచి పోతే చాలనిపించింది. సభ అయిపోయిందని అబద్ధం చెప్పి, బజ్జీలు పొట్లం కట్టి, ఒంగోలు బస్సు ఎక్కించాను. లోపల సభ జరుగుతూనే ఉంది.

ఇంకా ఉంది. వలలు పంచే రోజు సింగయ్య వేదిక ఎక్కితే జనం గుర్తుపడతారు. అందుకని జాబితాలో ఆయన పేరు కొట్టేశాను. ఎలాంటివాళ్ళ కోసం ఆ పండుగ పెట్టానో, వాళ్ళలో మొదటి మనిషికే వల రాలేదు. అడగడానికి ఆయన రాలేదు కూడా.

పాలెంలో ఎవరికీ చదువు రాదని ఎలా అనుకున్నాను? అక్షరాలు నేర్పి జీతం తీసుకునే మనిషిని, ఒక పల్లెకు అక్షరాలు రాకపోతే బాగుండునని ఎన్ని రాత్రులు కోరుకున్నానో.

నిరుడు వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. సింగయ్య అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. అదే వల. కోసినచోట వేరే రంగు దారంతో అల్లి ఉంది. "రండి టీచరమ్మా, కూర్చోండి" అన్నాడు. ఆవిడ టీ ఇచ్చింది. తలుపులోంచి గోడ మీది ఫ్లెక్సీ కనిపిస్తోంది. ఎండకు వెలిసిపోయింది. అందులో సింగయ్య ఉన్నాడు, డాల్ఫిన్ ఉంది, కత్తి ఉంది. కింద రాత లేదు. ఆ మేరకు కత్తితో కోసేశారు.

ఎవరో చదివి చెప్పారన్నమాట. ఎప్పుడో, ఎవరో. నేను గోడకేసి చూడటం ఆయన చూశాడు. తల వంచుకుని మళ్ళీ అల్లుకోసాగాడు. తిడితే బాగుండేది. టీ తాగి, వస్తానని చెప్పి, వచ్చేశాను. అక్కడ కూడా చెప్పలేదు.

ఆ కోసేసిన చోట ఏముండేదో ఇప్పుడు రాస్తున్నాను. "ఈ చేతులను ఆపుదాం." రాయించింది నేను. అది అబద్ధం. సింగయ్య ఆ కత్తితో కోసింది తన వలను.

ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది. ఊపిరాడుతున్నందుకూ సిగ్గుగానే ఉంది.