నిన్న తెగింది, ఇవాళ అతుకుతున్నా

మా ఎదురింటి బాబాయిగారు పోయిన మంగళవారం కాలం చేశారు. ఆ సంగతి నాకు వాళ్ల గేటు దగ్గర తెలిసింది. రోజూలాగే ఇంకా సరిగ్గా తెల్లారకముందే చెప్పులేసుకుని వెళ్లి నిలబడ్డాను. ఆయనకు ఆలస్యం అనేది తెలియదు, ఆ అలవాటు నాది. ఆ రోజు ఆయన బదులు పిన్నిగారు వచ్చారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆయన ఇంక రారమ్మా" అన్నారు. "ఒంట్లో బాగోలేదా అండీ?" అని అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న నా జన్మలో ఇంకోటి అడిగి ఉండను. నిద్రలోనే పోయారట.

ఆయన మీలో ఎవరికీ తెలియరు. పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. భవానీపురంలో మా వీధి, గవర్నర్‌పేటలో ఆయన పనిచేసిన బట్టల కొట్టు, ఏటి ఒడ్డున పొద్దున్నే తిరిగే పదిమందీ దాటితే ఆయన్ని ఎరిగినవాళ్లు లేరు. అయినా ఈ నాలుగు ముక్కలూ రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు. నేనివాళ ఇలా కూర్చుని రాసే స్థితిలో ఉన్నానంటే అది చాలావరకు ఆయన పుణ్యమే.

మా అమ్మ నలభై ఆరేళ్లకు షుగరుతో పోయింది. ముందు కాలి బొటనవేలు పోయింది, తర్వాత పాదం పోయింది, ఆ తర్వాత మనిషే పోయింది. నాకు ముప్ఫై ఎనిమిదో ఏట డాక్టరు రిపోర్టు చూసి "మీకూ వచ్చిందమ్మా" అన్నప్పుడు ఆయన చెప్పిన మందుల పేర్లు ఒక్కటీ నా చెవిన పడలేదు. ముప్ఫై ఎనిమిదికి ఎనిమిది కలిపితే నలభై ఆరు. అప్పటికి మా అమ్మాయికి పద్దెనిమిది నిండుతాయి. ఆ కుర్చీలో కూర్చుని నేను వేసుకున్న లెక్క అదొక్కటే.

నడవమన్నాడు డాక్టరు. నేనా, పుట్టు బద్ధకస్తురాలిని. గవర్నర్‌పేటలో ఒక ప్లీడరుగారి ఆఫీసులో టైపిస్టుని. రోజంతా కుర్చీ, సాయంత్రం సిటీ బస్సులో సీటు కోసం పోట్లాట, ఇంటికొస్తే మంచం. వీధి చివర కిరాణా కొట్టుకి కూడా రిక్షా ఉంటే బాగుండునని అనుకునేదాన్ని. అలాంటిదాన్ని భయం పట్టుకునేసరికి ఏం చేశానో తెలుసా? కొండ మీది అమ్మవారికి మొక్కుకున్నాను. మండలం రోజులు, అంటే నలభై ఒక్క రోజులు, దీక్షగా నడుస్తానని. బెజవాడ మనుషులం, మాకు ఏ పని మొదలుపెట్టాలన్నా దీక్ష అయితేనే ఒంట పడుతుంది. చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు తొడుక్కుని బయల్దేరితే వీధిలో పాలవాడి దగ్గర్నుంచి అందరూ నవ్వారు.

నవ్వనిది ఎదురింటి బాబాయిగారొక్కరే. ఆయన అప్పటికే కొన్నేళ్లుగా నడుస్తున్నారు. మోకాళ్ల పైకి ఎగ్గట్టిన పంచె, అరిగిన హవాయి చెప్పులు, భుజాన తువ్వాలు. పెడన దగ్గర పల్లెలో నేతపని వాళ్ల కుటుంబం. ముప్ఫై ఏళ్లు గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని చీరలు నేశారు. మోకాళ్లు మొరాయించాక బెజవాడ వచ్చి బట్టల కొట్లో తానులు మడతపెట్టే పనిలో చేరారు. "పొద్దున్నించీ సందేళ దాకా మగ్గం కింద పలకలు తొక్కీవోణ్ణమ్మాయ్. ముప్పయ్యేళ్లు తొక్కినా అంగుళం ముందుకెళ్లలా. అందుకే ఇప్పుడు ఈ కాళ్లకి ఊరు చూపిస్తున్నా" అనేవారు.

నా నలభై ఒకటో రోజున పులిహోర కలిపాను, బూరెలు వండాను. దీక్ష పూర్తయిందని పది ఇళ్లకు పంచాను. బాబాయిగారికి ఇవ్వడానికి నేనే వెళ్లాను. ఆయన బూరె సగం తుంచి నోట్లో వేసుకుని, "బావుందమ్మాయ్. రేపు ఎన్నింటికి బయల్దేరతావు?" అని అడిగారు.

"రేపెక్కడికండీ? మండలం అయిపోయిందిగా" అన్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. పొలమారేదాకా నవ్వారు. పిన్నిగారు వచ్చి నెత్తిన తట్టి మంచినీళ్లు ఇచ్చారు. కళ్లు తుడుచుకుంటూ, "దీక్షకి విరమణ ఉంటదిగానీ, ఒంటికెక్కడిదే తల్లీ విరమణ? పైగా షుగరు తగ్గించమని మొక్కి బూరెలతో తీర్చావా?" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు నెలలు ఆ మనిషితో మాట్లాడలేదు. నడవనూ లేదు. బూట్లు మంచం కిందకి పోయాయి. ఒకరోజు ఎడమ కాలి మడమ దగ్గర చెప్పు కరిచింది. చిన్న పుండు. వారమైనా మానలేదు, పది రోజులైనా మానలేదు. పసుపు పెడుతూ ఆ కాలిని చూసుకుంటుంటే అది నా కాలులా అనిపించలేదు, మా అమ్మ కాలే. బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. డాక్టరు మందు మార్చి, కట్టుకట్టి, ఎలాగో మాన్పాడు. మానిన మర్నాడు పొద్దున్నే వెళ్లి ఎదురింటి గేటు దగ్గర తల వంచుకుని నిలబడ్డాను. ఇప్పుడు తిడతారు, ఎత్తిపొడుస్తారు, పడాలి అనుకున్నాను. బాబాయిగారు నా కాలు వైపు ఒకసారి చూసి, "పద" అన్నారు. అంతే.

ఇక రోజూ నడిచాం. లారీల రోడ్డు దాటి, సందుల్లోంచి ఏటి గట్టు ఎక్కి, బ్యారేజీ వైపు. ఆయనతో నా పేచీ ఒక్కటే. నాకు ఊపు వచ్చి, ఇవాళ బ్యారేజీ దాకా పోదాం అనుకున్న రోజునే సగంలో వెనక్కి తిరిగేవారు. "ఇంకా ఓపిక ఉందండీ" అంటే, "ఉంది గనకే తిరిగేది. కొస మిగలాలమ్మాయ్" అనేవారు. నాకు అర్థమయ్యేది కాదు. ముసలాయన తన మోకాళ్ల కోసం నన్ను ఆపుతున్నారనుకునేదాన్ని.

ఒకసారి చీరలు కొందామని ఆయనతో, పిన్నిగారితో కలిసి పెడన బస్సెక్కాను. అక్కడ ఆయన తమ్ముడి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు మగ్గం ముందు కూర్చుని, వేళ్లకి బూడిద అద్దుకుని ఏదో మెలితిప్పుతున్నారు. ఏమిటని అడిగితే బాబాయిగారు చెప్పారు. నేత పూర్తయ్యాక గుడ్డ కోసుకుంటారుగానీ, పడుగు చివర, అంటే నిలువు దారాల చివర, కాస్త మగ్గం మీదే వదిలేస్తారట. కొత్త పడుగు రాగానే దాని ఒక్కో పోగునీ ఆ పాత కొసల్లో ఒక్కోదానికి అతుకుతారట. కొస మిగల్చకుండా మొత్తం లాగేశామంటే, వేల పోగులు మళ్లీ మొదట్నుంచి ఎక్కించుకోవాలి. "మగ్గం ఎప్పుడూ ఖాళీ చెయ్యకూడదు. ఖాళీ అయిన మగ్గం ముందు కూర్చోబుద్ధి కాదు" అన్నారు. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని పచ్చటి వరిచేలు చూస్తుంటే, మడమ పుండు పడకముందు నేను చేసిన పొరపాటు ఏమిటో నిదానంగా తెలిసింది. నలభై ఒక్క రోజులు నేసి, మగ్గం ఊడ్చేశాను. అందుకే నలభై రెండో రోజుకి నా దగ్గర ఏ కొసా లేదు.

ఇంత చెప్పాను కదా అని ఆయనేదో యోగీశ్వరుడనుకునేరు. బీడీలు కాల్చేవారు. పిన్నిగారికి తెలియకుండా ఏటి మెట్ల మీద, నేను అటు తిరిగినప్పుడు. ఒకరోజు పట్టుకున్నాను. నా నోరు సంగతి మా ఆయన్ని అడగండి, మామూలుగా ఊరుకోదు. "నాకు బూరె తినొద్దని నీతులు చెప్పి మీరు చేసేది ఇదా?" అని కడిగేశాను. దొంగతనంలో దొరికిపోయిన పిల్లాడిలా బీడీ నీళ్లలో పారేశారు. "మానేస్తానమ్మా" అన్నారు. మానారు. పన్నెండు రోజులు.

పద్నాలుగో రోజు పొద్దున నేను అడక్కుండానే చెప్పారు: "అమ్మాయ్, నిన్న తెగింది. ఇవాళ అతుకుతున్నా."

ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. నెలకోసారి, రెండు నెలలకోసారి. సిగ్గుపడేవారు కాదు, వంకలు పెట్టేవారు కాదు, ఛీ నా బతుకు అనుకునేవారు కాదు. నేతగాడికి పోగు తెగడం వింత కాదు కదా. తెగిన చోట వేలు పెట్టి, ముడేసి, మళ్లీ పలక తొక్కుతాడు. నేనూ ఆ మాట దొంగిలించాను. పెళ్లిలో మూడు కాజాలు తిన్న మర్నాడు, జ్వరం వంకన వారం రోజులు ముసుగు తన్ని పడుకున్న తర్వాత, గేటు దగ్గర నిలబడి, "తెగిందండీ" అనేదాన్ని. "అతుక్కుందువుగాని, పద" అనేవారు. నిజం చెప్పొద్దూ, నన్ను ఇన్నేళ్లు నడిపించింది ఆయన పట్టుదల కాదు, ఆయన బీడీ. ఎన్నడూ తప్పని మనిషైతే ఆయన ముందు నిలబడడానికి నాకు మొహం చెల్లేది కాదు.

పెళ్లిళ్లలో ఎలా తినాలో కూడా ఆయనే చెప్పారు. "మొదటిసారి వద్దంటే వడ్డించేవాడు నొచ్చుకుంటాడు. రెండోసారి వద్దంటే నవ్వుకుంటాడు. ఒకసారి వేయించుకో, రెండోసారి చెయ్యి అడ్డం పెట్టు." డాక్టరు ఇచ్చిన పట్టిక ఎప్పుడో ఎక్కడో పోయింది. ఈ ముక్క మాత్రం ఇప్పటికీ ప్రతి విస్తరి ముందూ గుర్తొస్తుంది.

ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ పొద్దులన్నీ విడివిడిగా కనిపించడం లేదు. ఒకటే పొడుగాటి పొద్దులా ఉంది. నీళ్లమీద పొగలా మంచు, ఎక్కడో తెడ్డు చప్పుడు, మెట్లమీద తడి పాదాల గుర్తులు, గుడి మైకులోంచి సగం సగం వినపడే సుప్రభాతం. మేం మాట్లాడుకుంటున్నామో లేదో కూడా తెలియదు. ఒక్కోసారి ఆయన నడుస్తూ నడుస్తూ కళ్లు మూసుకునేవారు. "నిద్రపోతున్నారా?" అంటే, "ఆఁ, కాళ్లు మెలకువగానే ఉన్నాయిలే" అనేవారు. వానాకాలంలో వాళ్ల వరండాలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగేవాళ్లం. చూరు మీంచి నీళ్లు తెరలా పడుతుంటే లోపల ఇద్దరం అటూ ఇటూ. పిన్నిగారు చూసి, "మీ ఇద్దరికీ పిచ్చి ముదిరింది" అనేవారు. ఏ ఏడు ఏది జరిగిందో చెప్పమంటే చెప్పలేను. అవి నా జీవితంలో నేను నిజంగా సుఖపడిన ఘడియలని మాత్రం చెప్పగలను.

చివరి రెండేళ్లూ ఆయనకు ఆయాసం ఎక్కువైంది. ముప్ఫై ఏళ్ల నూలు దుమ్ము, అన్నేళ్ల బీడీ. గట్టు దాకా వెళ్లలేకపోయేవారు. వీధి మలుపు దాకా వెళ్లి తిరిగేవాళ్లం. ఆయన ఆగితే నొచ్చుకుంటారని నేనే ఆగి, "కాలు పట్టేసిందండీ" అనేదాన్ని. మూడోసారి అన్నాక, "పాపం, నా ఆయాసం నీ కాలికొచ్చిందే" అన్నారు. ఇద్దరం నడిరోడ్డు మీద నిలబడి నవ్వుకున్నాం. పోయేనాటికి నాలుగేళ్లుగా ఆయన బీడీ ముట్టలేదని తర్వాత పిన్నిగారు చెప్పారు. నాతో ఒక్కనాడూ అనలేదు. మానేశాను అని గట్టిగా అంటే మళ్లీ తెగుతుందని భయపడ్డారేమో.

ఒక్క పొద్దు మాత్రం నాకు విడిగా గుర్తుంది. అప్పటికింకా ఆయన ఏటి దాకా నడుస్తున్నారు. మా అమ్మ పోయేనాటికి ఆమెకు ఎన్నేళ్లు, ఎన్ని నెలలు, ఎన్ని రోజులో నాకు తెలుసు. ఆ ముందు రోజుతో నాకూ సరిగ్గా అన్ని నిండాయి. మా ఆయనకు చెప్పలేదు, పిల్లకు చెప్పలేదు. రాత్రి పడుకునేటప్పుడు తెల్లారుతుందన్న నమ్మకం లేదు. తెల్లారింది. ఏటి ఒడ్డుకి వెళ్లేదాకా నోరు విప్పలేదు. అక్కడ మంచు ఎంత దట్టంగా ఉందంటే అవతలి ఒడ్డు సంగతి దేవుడెరుగు, పది అడుగుల అవతల గట్టే కనిపించడం లేదు.

"బాబాయిగారూ, ఇవాళ్టి నుంచి మా అమ్మ కంటే నేను పెద్దదాన్నండీ" అన్నాను.

ఆయన మెట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. తర్వాత, "ఇప్పటిదాకా ఆవిడ చూసిన దారేనమ్మా. ఇక్కణ్నించి ఆవిడకీ కొత్తే. నువ్వు ముందు నడువు" అన్నారు.

"మీరు రారా?"

"మీ అమ్మాకూతుళ్ల మధ్య నేనెందుకు. పో."

నడిచాను. ఆయనతో నడిచిన అన్నేళ్లలో ఆ గట్టు మీద ఒక్కదాన్నే నడవడం అదే మొదలు. మంచు మొహానికి తగులుతోంది. ఒక అడుగు వేశాను, మా అమ్మ వెయ్యని అడుగు. ఇంకోటి వేశాను. భయం వెయ్యలేదు. కాస్త దూరం పోయాక దారిలో గుంట కనిపించింది. నా చెయ్యి దానంతటదే వెనక్కి చాచుకుంది. "అమ్మా, ఇక్కడ గుంట ఉంది, చూసుకుని రా" అని పైకే అన్నాను.