జర్నిగార్‌కు దొరకని గోడ

బాకూలో మా ఎదురు వాటాలో ఉండే జర్నిగార్ పాతికేళ్ళు సముద్రం మీద వంట చేసింది. తీరానికి దూరంగా, నీళ్ళలో ఇనుప స్తంభాలు పాతి కట్టిన చమురు ఊళ్ళో, బావుల మీద పనిచేసే మగవాళ్ళకు అన్నం పెట్టేది. ఆగాసఫ్‌ను పెళ్ళి చేసుకున్నదీ అక్కడే, అతను గుండె ఆగి పోయిందీ అక్కడే. నలభై దాటాక ఆమె ఎడమ కంటికి పాలు కలిపినట్టు తెల్లటి మసక కమ్మింది. తెలిస్తే ఒడ్డుకు పంపేస్తారని భయపడి ఎవరికీ చెప్పలేదు. తడుముకుంటూ ఉల్లిపాయలు కోసింది. అది నీటికాసుల జబ్బని తేలేసరికి ఆ కన్ను పూర్తిగా పోయింది.

మిగిలిన కుడికంట్లో శుక్లం వచ్చినప్పుడు ఆపరేషన్‌కు ససేమిరా అంది. ఉన్న ఒక్కటీ పోతే ఏం చేయాలని ఆమె భయం. కొడుకు ఓడ మీద పనిచేస్తాడు, ఇంట్లో ఉండేది తక్కువ. కోడలు ఉల్కరే బతిమాలి, పోట్లాడి, చివరికి తిండి మానేసి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నెలపాటు కుట్టుపని పక్కన పెట్టి, పూటపూటకూ మంచం పక్కన మోకాళ్ళ మీద కూచుని కంట్లో చుక్కలు వేసింది. చూపు వచ్చింది. అయితే కంటి ముందు తెల్లగా కమ్మితే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా రమ్మని డాక్టరు చెప్పిన మాట జర్నిగార్ మనసులో ముల్లులా దిగబడిపోయింది. గాలికి దుమ్ము లేస్తుందని గడప దాటడం మానేసింది. రోజూ పొద్దున్నే కిటికీలోంచి పక్కింటి వాళ్ళు ఆరేసిన బట్టలు చూసి, రంగులు సరిగ్గా తెలుస్తున్నాయో లేదో పరీక్షించుకునేది.

ఉల్కర్‌కు విసుగొచ్చింది. "కన్ను బాగు చేయించింది పక్కింటోళ్ళ లాగులు చూడ్డానికా అత్తమ్మా? లేవండి, పోదాం" అని ఒక ఆదివారం బలవంతాన బయల్దేరదీసింది. పెద్ద రోడ్డు పక్కనున్న తెల్ల భవనంలో తివాచీల ప్రదర్శన పెట్టారట. అత్తకు తివాచీలంటే ప్రాణం.

నేలలోంచే లేచి, అలలా వంగి, మళ్ళీ నేలలోకే దిగిపోయే కట్టడం అది. బయట పచ్చిక మీద పిల్లలు దొర్లుతున్నారు. జర్నిగార్ తలెత్తి చూడలేదు. గాలికి కన్ను కాపాడుకుంటూ, తలగుడ్డ ముందుకు లాక్కుని, కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. తొడుక్కున్న కోట్లు కౌంటర్లో అప్పజెప్పి వస్తానని ఉల్కర్ వెళ్ళాక తలగుడ్డ సర్దుకుని చూసింది.

అంతా తెలుపు. కింద తెలుపు, పైన తెలుపు, పక్కన తెలుపు. నేల ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో దొరకలేదు. ఒక మూల లేదు, ఒక గీత లేదు. ఆనుకుందామని చెయ్యి చాపితే గోడ ఉందనుకున్నచోట గాలి తగిలింది. ఎడమ కన్ను పోయినప్పుడు మొదట వచ్చింది ఈ తెలుపే. తడుముకుంటూ అక్కడే చతికిలపడింది.

అప్పుడు తనకు మొదట వచ్చిన ఆలోచన కోడలికి ఎలా చెప్పాలన్నదేనని తర్వాత నాతో అంది. ఆ పిల్ల నెల రోజుల శ్రమ బూడిదలో పోసిన పన్నీరయిందే అని ఏడుపొచ్చిందట. చెప్పకూడదనే అనుకుంది. దాచడం ఆమెకు అలవాటే.

ఉల్కర్ తిరిగొచ్చి, నేల మీద కూచున్న అత్తను చూసి కంగారు పడింది. కాళ్ళు నొప్పులు, ఇంటికి పోదామంది జర్నిగార్. ఇంత దూరం వచ్చి తివాచీలు చూడకుండా పోవడమేంటని ఉల్కర్ కసిరింది. ఆ కసురుకు ఇంక ఆగలేక అత్త నోరు తెరిచింది.

"తెల్లగా కమ్మేసిందే పిల్లా. గోడ కనపళ్ళేదు. ఈ కన్నూ పోయింది."

ఉల్కర్ మోకాళ్ళ మీద కూలబడి, అత్త గడ్డం పట్టుకుని కంట్లోకి చూసింది. ఇద్దరి ముఖాలూ దగ్గరగా వచ్చాయి.

"నీ నుదుటి మీద ఆ ఎర్రదేమిటి?" అంది జర్నిగార్.

"ఏం లేదులెండి."

"ఏం లేకపోవడమేంటి, బొప్పి కడుతుంటే."

"గోడకు కొట్టుకున్నా అత్తమ్మా. అక్కడ గోడుందని తెలిస్తేగా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఉల్కర్ గొంతు తగ్గించి, ఆ పక్కన కూచున్నామె వేసుకున్న గౌను మీద ఏమున్నాయని అడిగింది. దానిమ్మ పువ్వులని చెప్పింది అత్త. ఒక బొత్తాం ఊడిందని, దాని బదులు వేరే రంగుది కుట్టుకుందని కూడా చెప్పింది. ఆ తర్వాత ఉల్కర్ అక్కడే, అంతమంది మధ్య, అత్త ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. జర్నిగార్ ఆ బొప్పి మీద ఊదుతూ, కన్నున్నదానివి నువ్వే గుద్దుకుంటే ఒంటికన్నుదాన్ని నన్నేం చేద్దామని తెచ్చావే ఇక్కడికి, అని తిట్టింది. తిడుతూనే నవ్వింది. కాపలా అతను వచ్చి ఏమైందని అడిగితే ఇద్దరూ లేచి తివాచీల వైపు నడిచారట.

తివాచీలన్నీ చూశారు. ఒకదాని అంచులో వేలెడంత ఒంటె, దాని మెడలో గంట కూడా ఉందని జర్నిగార్ కనిపెడితే, ఉల్కర్ వంగి వెతుక్కోవాల్సొచ్చింది. బయటికొచ్చాక ఆకుకూర పెట్టి కాల్చిన కుతాబ్ రొట్టెలు కొనుక్కుని పచ్చిక మీద కూచుని తిన్నారు. అప్పుడు మొదటిసారి జర్నిగార్ ఆ భవనాన్ని కింద నుంచి పైదాకా తీరిగ్గా చూసింది. కట్టినోడికి తిన్నగా గీత గీయడం రాదేమో అంది.

అయినా మనసు కుదుటపడక ఉల్కర్ మర్నాడు డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. కన్ను శుభ్రంగా ఉందని, ఇంక చుక్కలు కూడా అక్కర్లేదని ఆయన చెప్పాడట.

ఆ వారంలోనే ఒక పొద్దున మెట్ల మీద జర్నిగార్ ఎదురైంది. చేతిలో తడి సంచి, అందులోంచి చేప తోక బయటికి కనబడుతోంది. ఎవరితో వెళ్ళావని అడిగాను. ఒక్కదాన్నే బస్సెక్కి బజారుకు వెళ్ళానంది. మొప్పలు ఎత్తి చూసి మరీ ఏరుకుందట. లోపల్నుంచి ఉల్కర్, చెప్పకుండా ఎటు పోయారని గొంతు పెంచుతోంది.

"రోజూ ఇదే గోల" అని నాకు చెప్పి, చెప్పులు విడిచి, ఆమె లోపలికి వెళ్ళింది.