తాతయ్య తల తిరిగిన వైపు

చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. నాకు చదవేస్తే ఉన్న మంచు పోయింది. దాంతోపాటు మా రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఇరవై మందికి గుండె ఆగినంత పనైంది. అమ్మమ్మ బతికినన్నాళ్ళూ చర్చి సంఘంలో సాక్ష్యంగా చెప్పుకున్న అద్భుతం వెనక ఉన్న వెధవని నేనే. ముప్పై ఏళ్ళు నోరు మూసుకున్నాను. ఇవాళ చెప్పేస్తాను.

అప్పుడు నాది ఎనిమిదో తరగతి, హిందీ మీడియం. "ఉన్ని వేడిని సరిగా పోనివ్వదు" అని పరీక్షలో పొల్లు పోకుండా రాసి క్లాసు ఫస్టు వచ్చాను. రాసింది చెయ్యి. బుర్ర మాత్రం కంబళి వేడి పుట్టిస్తుందనే నమ్మేది. కప్పుకుంటే ఒళ్ళు వేడెక్కడం లేదూ? మీరూ నమ్మే ఉంటారు, బుకాయించకండి.

ఆ మే నెలలో ఓ సాయంత్రం తాతయ్య పోయారు. మా అమ్మకి నాన్న, రిటైరైన గార్డు. ఆయన జెండా ఊపితే రైళ్ళు కదిలేవి. కళ్ళెర్రజేస్తే మేం కదిలేవాళ్ళం కాదు. చిన్నకూతురు కరుణ పిన్ని విజయనగరంలో నర్సు. ఏడేళ్ళ కిందట చెప్పకుండా పెళ్ళి చేసుకుంటే, "చచ్చినా దాని మొహం చూడను" అన్నారు. అమ్మమ్మ కూడా ఆ మాట దాటలేదు. ఇప్పుడు పిన్నికి టెలిగ్రాం వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం రైలుకి వస్తుంది. అందాకా ఆయన్ని ఉంచాలి. ఊరు చూస్తే పొయ్యి మీద పెనం.

మర్నాడు పొద్దున్నే మామయ్య రిక్షాలో రెండు మంచు దిమ్మెలు తెచ్చాడు. ఒకటి గోడ వైపు, ఒకటి గుమ్మం వైపు పెట్టి, వాటి మీద బల్ల వేసి, తాతయ్యని పడుకోబెట్టారు. దిమ్మెలకి కంబళ్ళు చుట్టారు.

"ఒరే శామ్యూలూ, పిన్ని వచ్చేదాకా బర్ఫు నిలవాలి. నీదే జిమ్మేదారీ."

"మరి కంబళ్ళెందుకు మామయ్యా? వేడికి కరిగిపోదూ?"

"అరే, చుప్! బర్ఫువాడే చుట్టమన్నాడు."

బర్ఫువాడు! ఒక్క పరీక్షైనా రాయనివాడు! ఫస్టు మార్కు కుర్రాణ్ణి నేను ఎదురుగా ఉండగా!

మామయ్య శవపెట్టె తేవడానికి వెళ్ళాడు. గుమ్మం వైపు దిమ్మని ఆనుకుని ఆడవాళ్ళు కూచుని కీర్తనలు పాడుతున్నారు, అటు చెయ్యి పెట్టే వీల్లేదు. గోడ వైపు పాక్కుంటూ వెళ్ళి ఆ దిమ్మ కంబళి విప్పేశాను. చల్లగాలి తగలనీ అని వెనక కిటికీ కూడా తీశాను. ఆ చల్లగాలిని మా ఊళ్ళో 'లూ' అంటారు. వడగాలి!

టప్. టప్. టప్.

మధ్యాహ్నమైంది. తాతయ్య మీది దుప్పటి అంచు ఊపిరి పీలుస్తున్నట్టు లేచి పడుతోంది. తాతయ్య కనురెప్పల మీద చెమటలాంటి తడి. నీళ్ళు నా కాళ్ళ కిందికి పాముల్లా వచ్చాయి. బల్ల సన్నగా మూలిగింది.

"ఎవర్రా అది?" అంది అమ్మ. కీర్తన సగంలో ఆగింది.

"బల్లే అమ్మా," అన్నాను. నాకే నమ్మకం లేదు.

అప్పుడే గుమ్మంలో పిన్ని, చేతిలో సంచి. లోపలికి రాలేదు.

"నాన్నా, రావచ్చా?" అంది.

బల్ల కిర్రుమంది. తాతయ్య తల మెల్లగా, తొందర లేకుండా, గుమ్మం వైపు తిరిగింది.

ప్రార్థనకొచ్చిన పాస్టరుగారు బైబిలుతో సహా వంటింట్లో తేలారు. పక్కింటాయన నా మీంచి దూకి కిటికీలోంచి పోయాడు. నా గొంతులోంచి వచ్చిన కూత తనదంటే మేకపిల్ల కూడా ఒప్పుకోదు. అమ్మమ్మ ఒక్కతే కదల్లేదు.

"చూడనన్నవాడు చూశాడు," అంది. "లోపలికి రావే తల్లీ." పిన్నిని గుండెకి హత్తుకుంది.

నేను గుట్టుగా కంబళి చుట్టేశాను.

పోయిన నెల, రిటైరై మా ఊరొచ్చిన పిన్ని దగ్గర నా పాపం కక్కేశాను. "అది అద్భుతం కాదు పిన్నీ. కంబళి నేను విప్పాను, మంచు కరిగింది, బల్ల ఒరిగింది. అంతే."

పిన్ని వెల్లుల్లి వలుస్తూ తలెత్తలేదు. "తెలుసులేరా. నర్సుని కదూ? అడుగు పెడితే గదంతా నీళ్ళు."

"మరి చెప్పలేదేం?"

"అమ్మ లోపలికి రమ్మంది. ఇంకేం చెప్పను? నాన్న మటుకు నన్ను చూళ్ళేదనే అనుకున్నా, ఇన్నేళ్ళూ." ఇంకో పాయ వలిచింది. "ఇంతకీ ఏ వైపు విప్పావు?"

"గోడ వైపు."

"అంటే బల్ల గోడ వైపు ఒరిగింది."

"అవును."

పిన్ని చెయ్యి ఆగిపోయింది. "మరి తల గుమ్మం వైపు ఎందుకు తిరిగిందిరా, ఫస్టు మార్కూ?"

పిన్ని కళ్ళు తుడుచుకుంది. వెల్లుల్లి ఘాటు అంది.

కాబట్టి మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మంచు మీది కంబళి విప్పను. ఎవరి అద్భుతాన్నీ విప్పి చెప్పను.

ఇది రాస్తుంటే వెనక ఎక్కడో టప్‌మంది. కొళాయే అయ్యుంటుంది. తల తిప్పి మాత్రం చూడను.