తలుపుల ఈశ్వరప్ప అనుమానాలు

తలుపు కనబడితే చాలు, ఈశ్వరప్పకు అనుమానం పుట్టుకొస్తుంది. లోపల ఎవరున్నారో, గడియ పెట్టారో లేదో అనే మామూలు అనుమానం కాదు. అసలు ఇది తలుపేనా, తలుపే అయితే ఏ కొయ్య, పైన కనబడేదే లోపల కూడా ఉందా, సముద్రం దాటాలంటే దీనికి ఏ నంబరు వేయాలి, ఇవీ ఆయన అనుమానాలు. వేలు మడిచి మూడుసార్లు తట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. తలుపు ఏదో చెప్పుకున్నట్టు మెల్లగా తల ఊపి, "నలభైనాలుగు పద్దెనిమిది" అని అప్పుడు గడప దాటుతాడు. ఆయన వెనక వచ్చేవాళ్ళు అందాకా ఎండలో నిలబడాల్సిందే.

హిందూపురం దగ్గర ఒక తలుపుల ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు చూడటం ఆయన ఉద్యోగం. దేశం దాటే ప్రతి సరుకుకూ కస్టమ్సువాళ్ళ పుస్తకంలో ఒక నంబరు ఉంటుంది. అది తప్పు పడిందంటే చెన్నై రేవులో కంటైనరు కదలకుండా కూర్చుంటుంది. ఆ నంబర్ల విద్య నేర్చుకోవడానికి రాధిక రెండేళ్ళ కిందట ఆయన కింద చేరింది. మొదటిరోజే ఆయన పుస్తకం తెరిచి చెప్పిన పాఠం ఆమెకు ఇప్పటికీ గుర్తుంది.

"చూడు పాపా, కొయ్య తలుపు, దాని ద్వారబంధం, గడప, మూడిటికీ ఒకటే నంబరు. ఇన్ని దేశాలోళ్ళు తిట్టుకుంటా కొట్టుకుంటా ఉండారు కదా, ఈ మాటకాడికి వచ్చేతలికి అందరూ ఒకటయినారు. ఎంత సల్లని మాటో చూడు!"

నవ్వాలో రాసుకోవాలో తెలియక రాధిక రెండూ చేసింది.

ఆ మాట మీద ఆయనకెంత నమ్మకమంటే, ఒకసారి తలుపులు ఒక లారీలో, ద్వారబంధాలు ఇంకో లారీలో ఎక్కించారని గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. "మొగుణ్ణొక బండిలో, పెండ్లాన్నొక బండిలో పంపుతారేమప్పా? రేవులో ఒకరినొకరు యాడని ఎతుక్కుంటారు?" అన్నాడు. సాయంత్రం దాకా సరుకు దింపి, మళ్ళీ జతలు జతలుగా ఎక్కించారు. కూలీలు ఆయన్ను ఏమేమి తిట్టారో ఇక్కడ రాయడానికి లేదు.

ఫ్యాక్టరీ డ్రైవరు జగదీష్ సోమందేపల్లిలో కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. అయ్యవారు ముహూర్తం మించిపోతోందని తొందర పెడుతున్నాడు. ఈశ్వరప్ప గుమ్మంలో ఆగి తలుపు తట్టాడు. చెవి ఆనించాడు. కళ్ళు మూశాడు.

"పైన టేకు పొర అతికించినారు గానీ, లోపలంతా ముక్కల చెక్కే కదప్పా!" అన్నాడు మెచ్చుకోలుగా.

అసలు టేకని చెప్పి మామ దగ్గర తలుపు డబ్బులు రాబట్టిన జగదీష్ ముఖం మాడిపోయింది. మామ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ తరువాత వారం రోజులు జగదీష్ ఈశ్వరప్ప కనబడితే బండి వేగం పెంచేవాడు.

అట్లాగని ఈశ్వరప్ప ఎప్పుడూ పుస్తకంలోనే మునిగి ఉండేవాడు కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక షెడ్డులో, ఎండ పడే మూల కూర్చునేవాడు. రేకుల సందుల్లోంచి దిగే వెలుగులో రంపపు పొట్టు బంగారు ముగ్గులా తేలుతుండేది. మిషన్ల మోత దూరంగా ఎక్కడో తుమ్మెదలు ముసిరినట్టు వినబడేది. అప్పుడు ఆయన గొంతు మారిపోయేది.

"ఇప్పుడు మన తలుపులు నడిసముద్రంలో ఉంటాయి పాపా. చుట్టూ నీళ్ళే. గోడ లేదు, ఇల్లు లేదు. అలొచ్చి తట్టి, ఎవరూ పలక్కపోతే ఎనక్కి పోతాంటాది. ఎవరు తీస్తారో వాటిని! ఏ పిల్ల బడినించి వచ్చి అమ్మా అని తోస్తాదో!"

వింటూ వింటూ రాధికకు కూడా కళ్ళు బరువెక్కేవి. హిందూపురం ఎండలో ఉప్పుగాలి తగిలినట్టుండేది. చెంపకు చేయి ఆనించుకుని, తెలియని ఊళ్ళలో తలుపులు ఒకదాని తరువాత ఒకటి తెరుచుకోవడం చూస్తూ ఉండిపోయేది.

ఆ మగతను చెడగొట్టడానికి పాలిష్ పట్టే కుళ్ళాయమ్మ ఉండనే ఉంది. ఎందుకంటే ఈశ్వరప్ప రెండు మూడు నెలలకొకసారి ఏదో ఒక లోడులో ఒక తలుపు పక్కకు తీసి దానికి వేలు పట్టేంత బొక్క వేస్తాడు. లోపల గట్టి కొయ్యా, ముక్కలా, బోలుగా ఉందా అని చూడాలట. బొక్క పడిన తలుపును ఎవరు కొంటారు? దాన్ని సాంపిల్ అని పుస్తకంలో రాసి వెనక షెడ్డులో పెడతారు.

"బంగారట్లాంటి తలుపుకు బొక్కేసినావు కదప్పా! నీ చెయ్యి పడిపోనూ!" అనేది కుళ్ళాయమ్మ.

"అనుమానం తీరల్ల కదక్కా."

"సరే, ఎప్పుడు చూసినా అంత ఎత్తులోనే, అంచుకాడే ఎందుకేస్తావు? కిందేస్తే అనుమానం తీరదా?"

"కొయ్య ఆడే నిజం చెప్తాది" అనేవాడు ఈశ్వరప్ప, అరమోడ్పు కళ్ళతో.

అట్లా ఆరేళ్ళలో ముప్పయ్యొక్క సాంపిళ్ళయ్యాయి. ఈ ఎండాకాలం బెంగళూరు నుంచి చంద్రశేఖర్ అనే కొత్త మేనేజరు వచ్చి వెనక షెడ్డు తెరిపించాడు. అందులో ఒక పిల్లి, దాని మూడు కూనలు ఉన్నాయి. తలుపు ఒక్కటి కూడా లేదు.

ఆయన రాధికను పిలిచాడు. "ముప్పయ్యొక్క తలుపులు! నడిచి వెళ్ళిపోయాయా? సోమవారానికల్లా ఎక్కడున్నాయో తెలియాలి. లేదంటే ఈశ్వరప్పగారి ఉద్యోగం ఉండదు."

తనకు అక్షరాలు దిద్దించినట్టు ఈ పని నేర్పిన మనిషి దొంగ అంటే రాధిక మనసు ఒప్పుకోలేదు. నేరుగా ఈశ్వరప్ప దగ్గరికే వెళ్ళి అడిగేసింది.

"సార్, సాంపిళ్ళు యాడికి పోయినాయి?"

"వాడకంలో ఉండాయి పాపా."

"ఎవరు తీసుకుపొమ్మన్నారు?"

"పాత మేనేజరు. పనికిరానివే కదా, తీసుకుపోప్పా అన్నాడు."

"కాగితం రాయించుకున్నారా?"

టీ గ్లాసు పంపినా మూడు కాపీలు తీసే మనిషి, ముప్పయ్యొక్క తలుపులకు ఒక్క చీటీ రాయించుకోలేదు. పాత మేనేజరు పోయినేడే కాలం చేశాడు. రాధికకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

బొక్క తలుపులు ఆదివారాల్లో ట్రాలీ ఆటోలో ధర్మవరం పోతాయని కుళ్ళాయమ్మ చెవిలో వేసింది. ఆ ఆదివారం రాధిక రైలెక్కింది. పెనుకొండ కొండ కిటికీలోంచి చాలాసేపు వెంట వచ్చి, చేన్ల వెనక్కి జారిపోయింది. ధర్మవరంలో దిగి, ఈశ్వరప్ప అని ఒకరు తలుపులు... అని మొదలుపెట్టగానే ఆటో అతను, "తలుపుల సారా? ఎక్కమ్మా" అన్నాడు.

దింపింది మగ్గం నేసేవాళ్ళ అద్దె కొట్టాల దగ్గర. రేకుల కొట్టాలు, రెండేసి కొట్టాలకు కలిపి ఒక స్నానాల గది. వీధిలో వరసగా ఆ గదులకు నగిషీ తలుపులు! ఒకదానికి నెమళ్ళు, ఒకదానికి తామరలు, ఇంకోదానికి ఏనుగుల బారు. దుబాయ్ బంగళాలకు పోవాల్సిన తలుపులన్నీ దారి తప్పి, స్నానాల గదులకు వచ్చి నిలబడ్డాయి. రాధిక కల కంటున్నానేమో అనుకుంది.

"ఏం పాపా, అట్ల నిలబడినావు?" అంది యల్లక్క, ఆ కొట్టాల్లో పట్టుచీరలు నేసే పెద్దావిడ. సంగతి చెబితే నవ్వి, రాధికను లోపలికి పిలిచి తామరల తలుపు మూసి చూపించింది. అంచున వేసిన బొక్కలోంచి సరిగ్గా లోపలి గడియ కమ్మీ దూరి ఉంది. కూర్చున్న మనిషికైనా నిలబడిన మనిషికైనా అందే ఎత్తు.

"ఆరేండ్ల కిందట చీర కొనేకి వచ్చి, చెయ్యి కడుక్కుంటానన్నాడు సారు. అప్పుడు ఈడ ఎలక్షన్ల ఫ్లెక్సీ కట్టుకోనుంటిమి. గాలి కొడితే ఎగిరేది. లోపల మేము పానాలు బిగబట్టుకోని స్నానం చేస్తావుంటే, బయట ఆ లీడరు దండం పెట్టుకుంటా నవ్వుతాండేటోడు! సారు తట్టల్లని వేలు మడిచినాడు. తట్టేకి ఏముండాది? బిత్తరపోయి అట్లే నిలబడిపోయినాడు పాపం."

ప్రతి ఆదివారం లాగే వచ్చిన ఈశ్వరప్ప అప్పుడే ఆటో దిగి, పట్టుబడిన పిల్లవాడిలా తల గోక్కున్నాడు.

"గడియ లేకపోయినా, కీలు లేకపోయినా తలుపు తలుపే అని పుస్తకంలో ఉండాది పాపా. అది సరుకు మాట. మనిషికి మాత్రం లోపలినించి గడియ పడితేనే తలుపు."

రాధిక పక్కకు తిరిగి, యల్లక్క కొంగుతోనే కళ్ళు తుడుచుకుంది.

సోమవారం ఆమె రిపోర్టేమీ రాయలేదు. "నోటితో చెబితే నమ్మరు సార్, ఒకసారి రండి" అని మేనేజరును రిజిస్టరుతో సహా కారెక్కించింది. ఈశ్వరప్ప కారు తలుపు మీద కూడా వేలు మడిచి, "ఇది కొయ్య కాదులే" అని తనలో తనే అనుకుని ముడుచుకుని కూర్చున్నాడు.

చంద్రశేఖర్ వీధిలో ఒక్కో తలుపూ లెక్కపెడుతూ నడిచాడు. ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు. ఏనుగుల తలుపు దగ్గర ఆగి, లోపలివైపు ఫ్యాక్టరీ ముద్ర ఉందేమో చూద్దామని లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు.

"ఎవురప్పా ఆడ? లోపల మనిషుండాది, తెలీదా? ఆగల్ల కొంచేపు!" అని లోపలి నుంచి ఒక ఆడగొంతు గద్దించింది.

మేనేజరు నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతాడు. "సారీ అమ్మా, సారీ" అన్నాడు ఏనుగులతో.

యల్లక్క పడీపడీ నవ్వింది. "తప్పుగా అనుకోవద్దు సారూ. ఫ్లెక్సీ ఉన్నెప్పుడు మాకు నోట్లోంచి మాటే వచ్చేది కాదు. ఇంతలావు గొంతు ఇప్పుడే వచ్చింది."

లోపల నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు, సన్నగా కూనిరాగం వినబడుతున్నాయి. చంద్రశేఖర్ రిజిస్టరు తెరిచి, ముప్పయ్యొక్క సాంపిళ్ళకూ ఎదురుగా 'వాడకంలో ఉన్నవి' అని రాసి సంతకం పెట్టాడు.

కారెక్కబోతూ మేనేజరు వీధి ఆ చివర చూశాడు. అక్కడ ఇంకా ఫ్లెక్సీలు గాలికి కొట్టుకుంటున్నాయి.

"అటువైపు ఎన్ని?"

"తొమ్మిది సార్" అన్నాడు ఈశ్వరప్ప, నేల చూపులు చూస్తూ.

చంద్రశేఖర్ గొంతు సవరించుకున్నాడు. "ఈశ్వరప్పగారూ, రేపు వెళ్ళే మారిషస్ లోడు... ఆ కొయ్య సంగతి నాకెందుకో అనుమానంగా ఉంది. ఒక తొమ్మిదింటిని చూస్తే గానీ తీరేటట్టు లేదు."

ఈశ్వరప్ప కళ్ళు మూసుకుని, చాలాసేపు ఆలోచించి, మెల్లగా తల ఊపాడు.

"నాగ్గూడా అట్లే ఉండాది సార్."