ఓబులేసు మామ కుడి చెయ్యి

మా చిన్నప్పుడు... ఎలక్షన్లు వచ్చాయంటే మా ఊరికి జీపులు వచ్చేవి. నల్లమాడ దగ్గర మెట్ట ఊరు మాది. వాన తప్పినా, బస్సు తప్పినా ఐదేళ్లకొకసారి జీపు మాత్రం తప్పేది కాదు...

నేను ఐదో తరగతిలో ఉండగా ఒక నాయకుడొచ్చాడు. మిట్టమధ్యాహ్నం. తెల్ల చెప్పులకు మా ఊరి దుమ్ము అంటకుండా ఇద్దరు మనుషులు ఆయన్ని ఎత్తి జీపు బానెట్ మీద నిలబెట్టారు. ఎండిన బోర్ల గురించి ఒక్క ముక్క లేదు. వేరుశెనగ ఊసే లేదు. మైకు పట్టుకుని అన్నది ఇదీ...

"మన ఓటుకు అడ్డమొచ్చే చెయ్యి యాడ కనపడితే ఆడ నరకండి. మిగతాది నేను చూసుకుంటా."

జనం ఈలలు వేశారు. మా చిన్నాయన రామాంజి కూడా వేశాడు. చేలో పాము కనబడితే కర్ర తియ్యకుండా దారి ఇచ్చే మనిషి మా చిన్నాయన...

మాకు ఒకటే ఎద్దు. పక్కింటి ఓబులేసు మామకు ఒకటే. రెండూ కలిస్తేనే కాడి. వాన పడితే ఎవరి చేను ముందు ఆరిపోయేలా ఉంటే ఆ చేను ముందు విత్తేవాళ్లు. మామది అవతలి పార్టీ. అప్పటిదాకా అది ఒకరినొకరు ఆటపట్టించుకోడానికి తప్ప దేనికీ పనికొచ్చింది కాదు.

ఆ ఉపన్యాసం తర్వాత ఆటపట్టించుకోవడం ఆగిపోయింది. ఇంట్లో ఏ మాటొచ్చినా చిన్నాయన "ఆయప్ప చూసుకుంటానన్నాడు" అనేవాడు. ఆయనేదో మా ఇంటి అల్లుడైనట్టు...

ఓట్ల రోజు బడి గేటు దగ్గర ఓటరు చీటీల మీద మాటా మాటా పెరిగింది. ఓబులేసు మామ గేటుకు చెయ్యి అడ్డం పెట్టాడు. గడ్డి కోసి నేరుగా వచ్చిన చిన్నాయన చేతిలో కొడవలి ఉంది. నేను మా అవ్వ కొంగు పట్టుకుని వరసలో ఉన్నాను. చూశాను.

మామ అరవలేదు. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు... ట్రాక్టర్లో కదిరి ఆస్పత్రికి తీసుకుపోయారు. నాలుగు వేళ్లు పోయాయి. చిన్నాయన పారిపోలేదు. పోలీసులు వచ్చేదాకా బడి గోడకానుకుని కూర్చునే ఉన్నాడు.

మిగతాది చూసుకుంటానన్న పెద్దమనిషి గెలిచాడు. దండలు వేయించుకున్నాడు. జైలుకు గానీ, ఆస్పత్రికి గానీ, మా ఊరికి గానీ రాలేదు. వస్తాడని ఎదురు చూసినందుకు మా మీద మాకే అసహ్యమేసింది.

ఆ ఏడు వాన తొందరగా పడింది. రెండిళ్ల ముందూ రెండెద్దులు ఊరికే నిలబడి ఉన్నాయి. మా నాయన తాడిపత్రిలో బండల పనికి పోయి ఉన్నాడు. మూడో రోజు పొద్దున్నే అవ్వ మా ఎద్దును విప్పి ఓబులేసు మామ వాకిట్లోకి తోలుకుపోయింది. నేను వెనకాలే పోయాను.

మామ భార్య నరసమ్మత్త గడపలో నిలబడింది.

"నరసమ్మా, తడి ఆరిపోతాండాది. నీ ఎద్దును విప్పు. నాతో మాట్లాడొద్దులే," అంది అవ్వ.

అత్త గడప దిగింది. పోయి వాళ్ల ఎద్దు పలుపు విప్పింది.

ఆడవాళ్లు విత్తే గొర్రు తోలకూడదని ఎవరో అన్నారు. అవ్వ వినలేదు. ఆ ఇద్దరే ముందు వాళ్ల చేను, తర్వాత మా చేను విత్తారు. అవ్వ గొర్రు తోలింది, అత్త గింజలు వదిలింది. మూడు రోజులు ఒక్క మాట లేదు...

మళ్లీ ఎలక్షన్లు. మళ్లీ ఆ నాయకుడే. కండువా మాత్రం మారింది. ఎవరి చేతులు నరకమన్నాడో ఆ పార్టీ పెద్దను పక్కన కూర్చోబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఒకే సోడా పంచుకుని తాగుతున్నారు.

అవ్వ నేరుగా జీపు దగ్గరికి నడిచింది. ఓబులేసు మామ కూడా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఏమప్పా, పోయినసారి చేతులు నరకమంటివి. నా కొడుకు నరికినాడు. జైల్లో ఉండాడు. ఈయప్ప వేళ్లు పోయినాయి. నువ్వు చూస్తే వాళ్లతోనే కూర్చోనుండావు. మేమేం చెయ్యాల ఇప్పుడు?"

ఆయన నవ్వాడు. "మైకు ముందర వేడి మీద నూరు మాట్లాడతామవ్వా. అవన్నీ పట్టుకుంటే ఎట్ల?"

పక్కనున్న పెద్ద కూడా నవ్వాడు. తర్వాత నాయకుడు మామకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మామ తిరిగి పెట్టలేదు. వేళ్లు లేక కాదు. బొటనవేలు మిగిలిన ఆ చేతిని అలాగే ఆయన మొహం ముందు పెట్టి నిలబడ్డాడు... డ్రైవరు జీపు వెనక్కి తిప్పేదాకా. ఆ రోజు ఎవరూ ఈల వెయ్యలేదు.

చిన్నాయన జైలు నుంచి వచ్చిన రోజే మామ ఇంటికి పోయి బయట అరుగు మీద కూర్చున్నాడు. మామ లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. మర్నాడు చిన్నాయన మామ చేను దున్నాడు. ఆ తర్వాత మామ బతికున్నన్నాళ్లూ దున్నుతూనే ఉన్నాడు. ఇద్దరూ కలిసి నవ్వడం మాత్రం నేను మళ్లీ చూడలేదు...

పోయిన నెల ఆ నాయకుడి కొడుకు ఉపన్యాసం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పడింది. అవతలి వాళ్లను ఇళ్లల్లోంచి లాగి కొడతాడట. కింద మా మేనకోడలు మంట బొమ్మలు పెట్టింది. అనంతపురంలో డిగ్రీ చదువుతోంది, బుక్కరాయసముద్రంలో ఉంటుంది. ఫోన్ చేసి అడిగితే, "ఊపు కోసం అంటాడత్తా, నిజంగా కాదు," అంది.

ఇదంతా చెప్పాను. విన్నాక ఆ పిల్ల ఆ మంటలు తీసేసింది.

అప్పట్లో ఇలాంటి మాట వినాలంటే కనీసం ఎండలో నిలబడాల్సి వచ్చేది... ఇప్పుడు అన్నం తింటూ వింటున్నాం, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని.

మీ ఊళ్లోనూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు... ఇలాంటి మాట నమ్మి చెయ్యెత్తినవాళ్లు, ఆ దెబ్బ తిన్నవాళ్లు. నాయకుల పేర్లు నాకొద్దు, గోడల నిండా అవే ఉన్నాయి. ఆ మనుషుల గురించి రాయండి, చదువుతాను.