పొద్దుటి చప్పుడు

ఈ బ్లాగు రాసే మనిషి ఇక లేరు. మాంట్రియల్‌లో, తన ఇంట్లో, నిద్రలోనే వెళ్ళిపోయారు. అసలు విషయం మొదటి వాక్యంలోనే చెప్పాలని ఆవిడే ఇక్కడ మీకు నేర్పారు: "చదవడానికి వచ్చినవాళ్ళను గుమ్మంలో నిలబెట్టి వాతావరణం గురించి మాట్లాడకండి." అందుకే చెప్పేశాను. చెప్పేశాక తరువాతి వాక్యం ఎలా రాయాలో మాత్రం ఆవిడ నేర్పలేదు.

నేను ఆవిడ వియ్యపురాలిని. ఆవిడ కూతురు మా కోడలు. ఫ్రాన్సు ప్రయాణాల పోస్టుల్లో "మా వదినగారు" అని మీరు చదివిన మనిషిని నేనే: బ్రెడ్డు రాయిలా ఉందని అమ్మేవాడితో వాదించినది, వానలో తడుస్తూ కూడా ఎవరి గొడుగులోకీ రానిది. ఆ రాతల్లో అతిశయోక్తి ఉన్నదని నేను చాలాసార్లు అభ్యంతరం చెప్పాను. గొడుగు సంగతి మాత్రం నిజమే.

ఈ బ్లాగు తాళాలు నాకు ఎప్పుడో ఇచ్చారు. "నాకేమన్నా అయితే ఆఖరి పోస్టు మీరు రాయండి. మా అమ్మాయి రాస్తే ఇంగ్లీషులో రాస్తుంది. చర్చివాళ్ళు రాస్తే నన్ను దేవదూతను చేసేస్తారు."

"నేను రాస్తే?"

"మీరు నిజం రాస్తారు. కాస్త కోపంగా రాస్తారు."

కోపంగానే రాస్తున్నాను.

ఆవిడను నేను మొదట చూసింది పిల్లల పెళ్ళిలో. మగపిల్లవాడి తల్లిని కనుక, బ్రాంప్టన్‌లోని ఆ బాంక్వెట్ హాలులో, ముందు వరుసలో నిటారుగా కూర్చుని ఉన్నాను. ఆవిడ వచ్చి, "వదినగారూ, మగపెళ్ళివారికి చెయ్యవలసిన మర్యాదలన్నీ చేస్తాను. ముందు మీ పక్కన కాసేపు కూర్చోనివ్వండి, ఈ చెప్పులు ప్రాణం తీస్తున్నాయి" అంటూ చెప్పులు విడిచి కుర్చీ కిందికి తోసేశారు. తరువాత పాటల హోరు వైపు చెవి పెట్టి, "ఆ బాస్ మోత విన్నారా? కుర్చీ కాళ్ళు వణుకుతున్నాయి, చూడండి" అన్నారు.

"నాకు తలనొప్పి వస్తోంది."

"అదే, అదే చెబుతున్నా!" అన్నారు సంబరంగా.

బందరులో చర్చి హార్మోనియంతో మొదలైన మనిషి. ఉద్యోగ జీవితమంతా మాంట్రియల్ ఆసుపత్రిలో నర్సుగా గడిపి, రోగుల మంచాల పక్కనే ఫ్రెంచి నేర్చుకుని, భర్త పోయి, తానూ రిటైరైన తరువాత కరెంటుతో నాదాలు పలికించే సింథసైజర్ ఒకటి కొనుక్కున్నారు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు పాతకాలం టెలిఫోన్ ఎక్స్ఛేంజీ గుర్తుకు వచ్చింది. మీటలకన్నా తీగలే ఎక్కువ. ఆవిడ ఒక గుండ్రటి బొత్తాన్ని మెల్లగా తిప్పారు. ఎక్కడి నుంచో ఒక నాదం లేచి, గోడలకు ఆనుకుని, అక్కడే నిలబడిపోయింది.

"ఇది సంగీతమా, ఫ్రిజ్ మూలుగా?" అని అడిగాను.

"మీ ఫ్రిజ్ ఏ శ్రుతిలో మూలుగుతుందో ఎప్పుడైనా విన్నారా, వదినగారూ?"

వినలేదు. ఇంటికి తిరిగి వచ్చాక విన్నాను. విన్నానని ఆవిడకు చెప్పలేదు.

ఈ బ్లాగు సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. సింథసైజర్ తీగలు ఎలా కలపాలో వెతుక్కుంటూ వచ్చినవారికి ఫ్రాన్సులో లువార్ నది ఒడ్డున చీమలు లేని చోటు ఎలా గుర్తుపట్టాలో తెలిసేది. టెంటు కోసం వచ్చినవారు పోస్టుకు శీర్షిక పెట్టడం నేర్చుకుని వెళ్ళేవారు. బ్లాగన్నది ఒక్క విషయం మీద ఉండాలని అందరూ అంటారు కదా అని నేనంటే, "ఒక్క విషయం మీద బతికినవాళ్ళు అలాగే రాసుకోవచ్చు" అన్నారు. కామెంట్ల గురించి ఆవిడ చెప్పిన మాట నాకు ఇప్పుడు మరీ అవసరమైంది: "పొగిడినవాళ్ళకు రేపు జవాబివ్వొచ్చు. కష్టం చెప్పుకున్నవాళ్ళకు ఇవాళే ఇవ్వాలి."

ఇక ఫ్రాన్సు. డెబ్బై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు టెంట్లలో పడుకోవడమేమిటని మా అబ్బాయి గోల పెట్టాడు. "హోటల్ బుక్ చేస్తానత్తయ్యా, ప్లీజ్." ఆవిడ శాంతంగా, "హోటల్లో గోడలుంటాయి బాబూ. అవతల ఏముందో వినబడదు" అన్నారు.

నేను బయలుదేరడానికి ఒప్పుకున్నాను గాని, ఇద్దరికీ ఒకే టెంటు అంటే ఒప్పుకోలేదు.

"నా గురకకు భయపడుతున్నారా?"

"కాదు. నాకు తలుపు కావాలి. నేను తీసుకుని, నేను వేసుకునే తలుపు."

ఆవిడ నవ్వలేదు. అది నేను మరిచిపోలేదు. విజయవాడలో ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పి, ఒంటరిగా పిల్లవాణ్ణి పెంచి, ఈ దేశం వచ్చాక కూడా నా అపార్ట్‌మెంటులో నేనుండి, నా బస్సు నేనెక్కి తిరిగే మనిషికి తలుపంటే ఏమిటో ఆవిడకు వివరించవలసిన అవసరం రాలేదు. చిన్న టెంట్లు రెండు కొన్నారు. ప్రతి క్యాంపింగులోనూ వాటిని ఎదురెదురుగా వేసేవాళ్ళం, అగ్రహారంలో ఇళ్ళలాగా.

ఆవిడ నాకన్నా ముందే లేచేవారు. అయినా బయటికి వచ్చేవారు కాదు. నా టెంటు జిప్పు తెరుచుకున్న చప్పుడు వినబడగానే, ఆవిడ జిప్పు తెరుచుకునేది. అప్పుడే స్టవ్వు వెలిగేది, కాఫీ పొంగేది. తరువాత బ్రెడ్డు వ్యాను హారన్ మోగించుకుంటూ వచ్చేది. ఒక వేసవిలో ఆ జిప్పు చప్పుడును నాకు తెలియకుండా రికార్డు చేసి, సాగదీసి, దాని కింద ఏవో నాదాలు పరిచి, "వదినగారి జిప్పు" అని ఇక్కడ పెట్టేశారు. మీలో కొందరు దాన్ని మెచ్చుకున్నారు కూడా.

"నేను తలుపు తీసుకునే చప్పుడు లోకమంతా వినాలా?" అని మండిపడ్డాను.

"విననివ్వండి. మీరు లేచారని తెలుస్తుంది."

ఆ మాట అప్పుడు నాకు తమాషాగానే తోచింది.

ఆ ఏడాది చలికాలంలో మా అబ్బాయి ఒక బొత్తాం తెచ్చాడు. పడిపోతే నొక్కడానికి, తాడుతో మెళ్ళో వేసుకునేది. "జస్ట్ వేసుకో అమ్మా. ఎవరికీ కనబడదు."

"మెళ్ళో గంట కట్టడానికి నేనేమన్నా గేదెనా?" అన్నాను. రోజూ పొద్దున్నే ఫోను చేస్తానన్నాడు. నేను బతికే ఉన్నానని రోజూ హాజరు వేయించుకోవలసిన అవసరం లేదన్నాను. ఆ వారమే మాంట్రియల్ నుంచి ఆవిడ ఫోను చేశారు. "వదినగారూ, నా సంగీతానికి సరుకు అయిపోయింది. రోజూ పొద్దున మీ ఇంట్లోంచి ఒక చప్పుడు రికార్డు చేసి పంపుతారా? ఏదైనా సరే."

పంపాను. పోపులో ఆవాలు, లిఫ్టు తలుపు, కిటికీ అద్దానికి మంచు తగిలే చప్పుడు, కింద వీధిలో ట్రక్కు వెనక్కి వస్తూ చేసే కూత. ప్రతిదానికీ ఆవిడ నుంచి ఒక్క మాట జవాబు వచ్చేది: "అందింది." నేను ఒక సంగీతకారిణికి సహాయం చేస్తున్నానని కొంత గర్వపడ్డాను కూడా.

ఒక రోజు డాక్టరు దగ్గరికి తొందరగా వెళ్ళవలసి వచ్చి, చప్పుడు పంపలేదు. తిరిగి వచ్చేసరికి బిల్డింగు చూసుకునే ఆయన నా గుమ్మం ముందు తాళాల గుత్తితో నిలబడి ఉన్నాడు. మాంట్రియల్ నుంచి మీ చుట్టం ఫోను మీద ఫోను చేస్తున్నారన్నాడు. వెంటనే ఆవిడకు ఫోను చేశాను.

"ఇది సంగీతం కోసమా, సాక్ష్యం కోసమా?"

"రెండూ," అన్నారు. "మీకు ఇష్టం లేకపోతే మానేద్దాం వదినగారూ. నేనేమీ అనుకోను."

నేను ఆలోచించాను. మా అబ్బాయికి కాదన్నదాన్ని ఈవిడకు ఎందుకు ఇస్తున్నానని ఆలోచించాను. ఈవిడ ఎన్నడూ నన్ను ఎలా ఉన్నారని అడగలేదు. ఏం వినబడుతోందని మాత్రమే అడిగారు.

"రేపు కుక్కర్ విజిల్ పంపుతున్నాను. మీ స్పీకర్లు జాగ్రత్త," అన్నాను.

మొన్న చలికాలం చివర, ఒక పొద్దున, కింద మంచు గీకుతున్న పార చప్పుడు పంపాను. జవాబు రాలేదు. కాఫీ కలుపుకున్నాను, తాగలేదు. రోజుకు ఒక్క చప్పుడే మా నియమం. ఆ రోజు నియమం తప్పి రెండోది పంపాను. చెంచాతో కాఫీ గ్లాసు మీద కొట్టాను, అంతే. దానికీ రాలేదు. కోడలికి ఫోను చేస్తే, "మమ్మీ పడుకుని ఉంటుంది అత్తయ్యా, షీ వాజ్ అప్ లేట్" అంది. "లేదు. మీ అమ్మగారి ఇంటికి ఎవరినైనా పంపు. ఇప్పుడే," అన్నాను. నా గొంతు విని ఆ పిల్ల వెంటనే అక్కడి పక్కింటికి ఫోను చేసింది. తాళంచెవి ఉన్న పక్కింటావిడ వెళ్ళి తలుపు తీసింది.

నన్ను కాపాడడానికి ఆవిడ చేసిన ఏర్పాటు అది. అది ఒక్కసారే పనిచేసింది, ఆవిడ కోసం. అప్పటికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. తరువాత కోడలు ఆ ఫోను నాకు చూపించింది. నా చప్పుళ్ళు రెండూ వినకుండానే ఉన్నాయి.

తమ ఇంటికి వచ్చెయ్యమని అబ్బాయి మళ్ళీ అడిగాడు. రానన్నాను. వాడికి కోపం వచ్చింది. వాడి కోపంలో న్యాయం ఉంది. కాని ఈ వారాలన్నీ నేను ఎలా ఉన్నానో వాడికి తెలియదు, మీకు చెబుతున్నాను. ఆవాలు చిటపటమనగానే చెయ్యి ఫోను మీదికి పోతుంది. పంపడానికి చోటు లేదు. చప్పుళ్ళన్నీ ఇంట్లోనే పేరుకుపోతున్నాయి. ఇంతకాలం ఒంటరిగా బతికానని అనుకున్నదాన్ని, నిజంగా ఒంటరిగా లేచింది ఈ చలికాలం తరువాతనే. ఆవిడ రోజూ అన్న ఆ ఒక్క మాట ఎంత బరువు మోసిందో మోస్తున్నంతకాలం నాకు తెలియలేదు.

పోయిన శనివారం వాన్ అనే ఊళ్ళో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. మా టెంట్లు రెండూ అక్కడే గరాజులో ఉంటాయి. మంచు కరిగాక ప్రతి ఏడూ వాటికి గాలి తగిలించేవాళ్ళం. వద్దనకుండా కోడలు కర్రలు పట్టుకుంది, నేను మేకులు గుచ్చాను. ఎదురెదురుగానే వేశాం. ఆవిడ టెంటు దులిపితే నిరుటి గడ్డిపోచలు నాలుగు రాలాయి, పసుపుపచ్చగా, ఫ్రాన్సువి.

నేను నా టెంటులోకి వెళ్ళి కూర్చున్నాను. ఎదుటి టెంటు జిప్పు మూసుకున్న చప్పుడు వినబడింది. కోడలు తన తల్లి టెంటులోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఈ పోస్టు చివర ఉన్న రికార్డింగు అప్పుడు చేసిందే. అందులో మొదట వినబడేది నా జిప్పు. దాని తరువాత పక్షులు, దూరంగా పెద్దరోడ్డు. ఎదురు జిప్పు కోసం మీరు చివరిదాకా వినవద్దు, అది లేదు. నేను వెళ్ళి ఆ టెంటు ముందు గడ్డిలో కూర్చున్నాను. లోపలి నుంచి ఒక అరచేయి వచ్చి గుడ్డకు ఆనింది. వేళ్ళు విచ్చుకుని అలాగే ఉండిపోయింది. బయటి నుంచి నా చెయ్యి దాని మీద పెట్టాను. గుడ్డ పలుచగా, వెచ్చగా ఉంది. ఆ పిల్ల తీయలేదు, నేనూ తీయలేదు. దానికి చప్పుడు లేదు కనుక మీకు వినబడదు.