నా రోగం పేరు నాకు తప్ప అందరికీ తెలుసు

పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఒక సోమవారం పొద్దున బల్ల మీద వంగి గీత గీస్తుంటే దగ్గు తెర వచ్చింది. చేతిరుమాలు తీసి చూస్తే నెత్తురు. అప్పటికి రెండు నెలలుగా దగ్గుతున్నా ఎండాకాలపు దుమ్మేలే అనుకున్నాను.

అన్న నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లాడు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. ఆయన మాటకు ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. ఎక్స్‌రే తీశారు. గొంతులోంచి గొట్టం దించి బ్రాంకోస్కోపీ చేశారు. వారం తరువాత డాక్టరు అన్నను ఒక్కడినే లోపలికి పిలిచాడు. నేనూ, నా భార్య కమలా బయట బెంచీ మీద కూర్చున్నాం.

అన్న బయటికొచ్చి, "టీబీ గడ్డంటరా. కోసి తీసేస్తే సరిపోతాదంట," అన్నాడు.

"మరి టీబీకి వేసే స్ట్రెప్టోమైసిన్ సూదులు?"

"గడ్డే తీసేస్తా ఉంటే సూదులెందుకు? డాక్టరు కంటే నీకెక్కువ తెలుసా?"

మర్నాడు సర్జన్ నా మంచం దగ్గరికి వచ్చాడు. "ఇదివరకు ఇలాంటి కేసుల్లో ఒక వైపు ఊపిరితిత్తి మొత్తం తీసేసేవాళ్లం. ఇప్పుడు చెడిన లోబ్, అంటే ఆ భాగం ఒక్కటే తీసి మిగతాది కాపాడగలుగుతున్నాం," అన్నాడు. ధైర్యం వచ్చింది. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాను.

మెలకువ వచ్చేసరికి వీపు నుంచి రొమ్ము దాకా కుట్లు, పక్కటెముకల మధ్య నీరు తీసే డ్రైన్ ట్యూబు. "దగ్గండి సార్, దగ్గితేనే ఊపిరితిత్తి విచ్చుకుంటుంది," అని నర్సు వదిలిపెట్టేది కాదు. అయిదో రోజు జ్వరం వచ్చింది. లోపల చీము పట్టిందన్నారు. ఆ ట్యూబుతో ఇంకో నెల అక్కడే ఉన్నాను.

ఇంటికి వచ్చాక నా కంచం, గ్లాసు వేరు పెట్టించుకున్నాను. మా పాపకు అప్పుడు నాలుగేళ్లు. అంటుకుంటుందని దాన్ని నా గది గడప దాటి లోపలికి రానిచ్చేవాణ్ణి కాను. ఒకరోజు పరుగున వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. విడిపించుకుని చెంప మీద కొట్టాను. కమల చూస్తూనే ఉంది. పాపను ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఏడాది తరువాత చెకప్‌కు ఒంటరిగా వెళ్లాను. కొత్త డాక్టరు కేస్ షీట్ తిరగేసి, "క్యాన్సర్ తీసి ఏడాదైంది, ఎక్స్‌రే క్లియర్‌గా ఉంది. అదృష్టవంతులు," అన్నాడు.

"టీబీ కదండీ?" అన్నాను.

ఆయన షీటు మూసేశాడు.

ఇంటికొచ్చి కమలను అడిగాను. దాచలేదు. "తెలిస్తే బెంగతోనే పోతాడని బావగారు నాచేత ఒట్టు వేయించుకున్నారు. మీకు చెప్పొద్దని డాక్టరుకూ ఆయనే చెప్పారు."

"నేను పాపను కొట్టిన రోజు కూడా చెప్పాలనిపించలేదా?"

"అంటుకోదని చెప్తే, అయితే ఏం రోగమని అడుగుతారు గదా. ఏం చెప్పేది?" అని ఏడ్చింది.

వెళ్లి నిలదీస్తే అన్న మాత్రం తల వంచలేదు. "బతికినావు గదరా, ఇంకేం కావాల?"

నిజమే, బతికాను. మూడేళ్లయింది. పనికి వెళ్తున్నాను. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. అన్నతో అవసరానికి మించి మాట్లాడను. కమల వడ్డిస్తుంది, నేను తింటాను. పాప ఇప్పటికీ పిలిస్తే తప్ప దగ్గరికి రాదు.

ఆపరేషన్‌కు సంతకం పెట్టేముందు మీ వాళ్లందరినీ బయటికి పంపండి. రోగం పేరేమిటో డాక్టరు నోటనే మీరు వినండి.